యుద్ధం నడుస్తుండగా కట్టిన బడులు

"ముందు తుపాకుల మోత ఆగాలి. బడులూ కాలేజీలూ ఆ తరవాత సంగతి." అఫ్ఘానిస్తాన్ ప్రస్తావన వచ్చిందంటే చాలు, ఇక్కడి మనవాళ్ళ కబుర్లలో ఈ మాట వినబడి తీరుతుంది. 2006లో కాబూల్‌లో మొదలైన అమెరికన్ విశ్వవిద్యాలయం 2021లో అక్కడి తలుపులు మూసుకుని ఖతార్‌లోని దోహాకి తరలిపోయింది. అది చూస్తే ఆ మాట నిజమేననిపిస్తుంది కూడా. కాని మనం ఉంటున్న ఈ దేశం కూడా ఒకప్పుడు యుద్ధంతో చితికిపోయినదే. 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ కాలం గురించి చదివేకొద్దీ, బడికీ శాంతికీ ఉన్న వరస మనం అనుకున్నంత సూటిగా లేదని నాకనిపిస్తోంది.

1862 జూలై 1న రిచ్‌మండ్ దగ్గర ఏడు రోజుల యుద్ధం ముగిసింది. లింకన్ సైన్యం వెనక్కి తగ్గింది. సరిగ్గా మర్నాడు, జూలై 2న, ఆయన మోరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీల కోసం ఒక్కో రాష్ట్రానికీ భూమి ఇచ్చే చట్టం అది. కాంగ్రెస్‌లో ఆ రాష్ట్రానికి ఎంతమంది సభ్యులుంటే, తలకి 30,000 ఎకరాల చొప్పున ఇచ్చారు. ఇందులో నన్ను ఆపేసిన షరతు ఒకటుంది. భూమి అమ్మగా వచ్చిన అసలు తరగకూడదు, ఏదైనా తరుగు వస్తే రాష్ట్రమే పూడ్చాలి. రాజధాని నిలుస్తుందో లేదో తెలియని రోజుల్లో, మనవల చదువుకి మూలధనం ఎలా కాపాడాలో రాసుకున్నారు!

ఆ చట్టం వచ్చాక 1863 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం మన్‌హట్టన్ ఊళ్ళో ఒక కాలేజీ పెట్టింది. అదే ఏడు ఆగస్టులో అదే రాష్ట్రంలోని లారెన్స్ ఊరి మీద దక్షిణాది దళం పడి, సుమారు 150 మందిని చంపి ఊరు తగలబెట్టింది. అయినా కాలేజీ ఆగలేదు. నూరేళ్ళ తరవాత, 1964లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసినప్పుడు దానికి చేయూతనిచ్చింది ఈ కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయమే. మన పిల్లలు ఎం.ఎస్. కోసం వచ్చి చేరే పర్డ్యూ, టెక్సస్ ఎ అండ్ ఎం, ఒహాయో స్టేట్ కూడా ఆ సంతకం బిడ్డలే.

ఈ కథని ఇక్కడితో ఆపి మురిసిపోతే అన్యాయం. పంచిపెట్టిన ఆ భూమి ఎవరిది? ఒప్పందాల పేరుతోనో బలవంతంగానో ఆదివాసీల చేతుల్లోంచి లాక్కున్నది. సంస్థ పునాదిలో ఏముందో తెలుసుకోవడం కూడా చదువులో భాగమే.

రెండో కథ చెట్టు కింద మొదలైంది. నల్లవారిని కూడగట్టి చదువు చెప్పడం నేరమని వర్జీనియా 1831లోనే చట్టం చేసింది. 1861 ఆగస్టులో అదే వర్జీనియాలోని హాంప్టన్ ఊరిని దక్షిణాది సైన్యమే కాల్చేసింది. ఊరింకా బూడిదగా ఉండగానే, సెప్టెంబరులో, మేరీ పీక్ అనే నల్లజాతి స్త్రీ బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారి పిల్లలకి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. ఒక ఓక్ చెట్టు నీడలో పాఠాలు చెప్పిందంటారు. నెలలు తిరక్కుండానే, 1862లో, క్షయతో చనిపోయింది. 1868లో అక్కడే హాంప్టన్ విద్యాసంస్థ పుట్టింది. ఆ చెట్టు ఇప్పటికీ విశ్వవిద్యాలయం ఆవరణలో కొమ్మలు చాచి ఉంది.

బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం 1865 మార్చిలో ప్రభుత్వం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో పెట్టింది. చట్టం దానికిచ్చిన ఆయుష్షు, యుద్ధం ముగిశాక ఒక్క ఏడాది. పొడిగించుకుంటూ వచ్చి 1872లో మూసేశారు. ఈలోగా 1866 మేలో మెంఫిస్‌లో తెల్లవారి గుంపులు 46 మంది నల్లవారిని చంపి, వాళ్ళ ఇళ్ళతో పాటు బడులూ చర్చిలూ తగలబెట్టాయి. అదే టెన్నెస్సీలోని నాష్‌విల్‌లో ఆ జనవరిలోనే, సైన్యం వాడి వదిలేసిన షెడ్లలో ఫిస్క్ బడి మొదలైంది. 1871 నాటికి దాని ఖజానా ఖాళీ. అప్పుడు తొమ్మిదిమంది విద్యార్థులు, చాలామంది పుట్టుకతో బానిసలు, పాటలు పాడుతూ ఊరూరా తిరిగారు. సముద్రం దాటి విక్టోరియా రాణి ముందూ పాడారు. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాల్ 1876లో పూర్తయింది. ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆ మరుసటి ఏడే, 1877లో, దక్షిణాదిలో నల్లవారికి రక్షణగా ఉన్న కేంద్ర సైన్యం పక్కకి తప్పుకుంది. ఓట్లు పోయాయి, వాళ్ళ బడులకి డబ్బు తగ్గింది, వేరుపాటు చట్టమైంది. కాబూల్ ముచ్చట లాంటిదే కదా అనిపిస్తుంది. కాని ఒక తేడా ఉంది. 1870 జనగణనలో నల్లవారిలో నూటికి 80 మందికి చదవడం రాయడం రాదు. 1910 నాటికి ఆ సంఖ్య 30కి దిగింది. సైన్యం లేకుండా, చాలాచోట్ల ప్రభుత్వమే ఎదురు నిలిచిన కాలంలో జరిగిన పని ఇది. ఎలా? హాంప్టన్, ఫిస్క్, హోవార్డ్ వంటి చోట్ల చదివినవారు వెళ్ళి పల్లెల్లో పంతుళ్ళయ్యారు. బయటివాళ్ళు వెళ్ళిపోయేలోపు ఇంట్లోవాళ్ళు పంతుళ్ళుగా తయారై ఉన్నారు.

బడి ఉంటే చాలు, శాంతి దానంతటదే వస్తుందని నేననడం లేదు. మెంఫిస్ కాలిన బడులు ఆ మాట అననివ్వవు. కాని శాంతి వచ్చేదాకా ఆగుదామంటే, వచ్చిన శాంతిని నిలబెట్టే మనుషులెక్కణ్ణించి వస్తారు? యుద్ధంలో ఉన్న ఏ దేశంలోనైనా విరాళంతో బడి కట్టారని చదివినప్పుడు నేనిప్పుడు వెతికేది భవనం ఫోటో కాదు. దాతలు వెళ్ళిపోయాక జీతాలెక్కణ్ణించి వస్తాయి? పాఠం చెప్పేది ఆ ఊరివాళ్ళేనా? తగలబడితే మళ్ళీ కట్టుకోవాలన్నంత పట్టుదల ఆ ఊరికి ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే, చెట్టు నీడ చాలు.