ప్రవాసి పాస్‌బుక్కు

జగిత్యాల ప్రాంతపు పల్లెనుండి దుబాయికి గాని, కోనసీమనుండి కువైటుకు గాని పనికై బయలుదేరు మనిషి, ప్రయాణమునాటి తొందరలో పాస్‌పోర్టును పదిసార్లు తడవి చూచుకొనును, వీసా కాగితమును లోపలిజేబులో భద్రపరచుకొనును. కాని ఇంటిలో ట్రంకుపెట్టె అడుగున పడియున్న బ్యాంకు పాస్‌బుక్కు మాట అతనికి తోచదు. ఆ పుస్తకము భార్య వద్దనే ఉండును, ఏటీఎం కార్డు ఎప్పటివలెనే పనిచేయును, నెలనెలా అతడు పంపిన సొమ్ము అందులోనే పడుచుండును. అయినను, ఉద్యోగార్థమై అతడు దేశము విడిచిన దినమునుండి, ఆ ఖాతా చట్టము కోరిన రూపములో లేదు. ఈ సంగతి అతనికి చెప్పువారు అరుదు. వీసా కుదిర్చిన ఏజెంటు చెప్పడు. ముందుగా వెళ్లిన బంధువులకే తెలియదు. బ్యాంకువారికి అతడు వెళ్లినట్లే తెలియదు. నన్ను ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పురికొల్పినది ఆ మౌనమే.

ఎవరు ప్రవాసి? ఈ ప్రశ్నకు మన దేశమున రెండు చట్టములు రెండు విధములుగ సమాధానము చెప్పును. ఆదాయపు పన్ను చట్టము ప్రధానముగ దినములు లెక్కించును. 1999లో శాసనమై 2000 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టము, మన జనము నోట ‘ఫెమా’, దినములతోపాటు మనిషి ఉద్దేశమును గూడ చూచును. ఉద్యోగమునకో, వ్యాపారమునకో, ఎన్నాళ్లో తేలని నివాసమునకో వెళ్లినవాడు వెళ్లిన క్షణముననే దాని దృష్టిలో ప్రవాసి యగును. చదువుకొనుటకు వెళ్లిన విద్యార్థిని సైతము రిజర్వు బ్యాంకు ఈ కోవలోనే చేర్చినది. పౌరసత్వముతో దీనికి నిమిత్తము లేదు. కువైటులో ఇటుకలు మోయువాడు భారత పౌరుడే, అయినను తన ఊరి బ్యాంకులో అతడు ప్రవాసి. టెక్సాసులో స్థిరపడి అమెరికా పౌరుడైన తెలుగువాడు తాను పుట్టిన దేశముననే, పరదేశమున ఖాతా తెరచువాని పద్ధతిలో, కాగితములు సమర్పింపవలసినవాడు.

ప్రవాసులకు ప్రత్యేకముగ ఖాతాలేర్పరచుట నిన్న మొన్నటి మాట కాదు. విదేశీ ద్రవ్యమునకు దేశము ముఖము వాచియున్న కాలమున, 1970లో, ఎన్‌ఆర్‌ఇ ఖాతా పుట్టినది. పెట్రోలు ధరలు పెరిగి అరబ్బు దేశములలో పనులు వెల్లువెత్తిన పిమ్మట, 1975లో, విదేశీ నాణెములోనే సొమ్ము నిలుపుకొను ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లు వచ్చినవి. ఆ తొలిపద్ధతిలో రూపాయి విలువ పడిపోయినచో కలుగు నష్టమును డిపాజిటుదారుడు గాని బ్యాంకు గాని భరింపనక్కరలేదు. ఆ భారము రిజర్వు బ్యాంకుపై, తుదకు ప్రభుత్వముపై పడుచుండెను. ఇది ఎంత ప్రమాదకరమో 1991 నేర్పినది. ఆ యేడు ప్రవాసులు తమ డిపాజిట్లు తీసికొనిపోవుటయు దేశము చిక్కులో పడుటకొక కారణమైనది. సుమారు 47 టన్నుల బంగారమును రిజర్వు బ్యాంకు కుదువ పెట్టవలసి వచ్చెను. అందుచేతనే 1993లో వచ్చిన నేటి ఎఫ్‌సీఎన్‌ఆర్ పద్ధతిలో ఆ భారము బ్యాంకులదైనది. అదే ప్రవాసులు 1998లోను, 2000లోను, తిరిగి 2013లో రూపాయి జారిపోవునపుడును తమ సొమ్ము నిచ్చి దేశము నాదుకొనిరి. 2013లో ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ల ద్వారమున వచ్చినదే సుమారు 2,600 కోట్ల డాలర్లు. దేశమున కింతటి ఉపకారము చేసినవారిలో పలువురికి తమ ఖాతా పేరైనను సరిగా తెలియకపోవుట నాకు బాధాకరముగ తోచును.

ఈ ఖాతాలను గూర్చి ఎంత చెప్పినను, వాని మూలమున నున్న ప్రశ్న యొక్కటే: ఈ సొమ్ము ఎచ్చట పుట్టినది? విదేశమున సంపాదించి పంపినదైనచో దాని చోటు ఎన్‌ఆర్‌ఇ ఖాతా. అందు సొమ్ము రూపాయలుగా మారి నిలుచును. అసలును వడ్డీని ఎప్పుడు కోరిన నప్పుడు, ఎంత కోరిన నంత, తిరిగి విదేశమునకు తీసికొనిపోవచ్చును. ఆ వడ్డీపై భారతదేశమున ఆదాయపు పన్ను లేదు. దేశములోనే పుట్టిన సొమ్మునకు, అనగా ఇంటి అద్దె, పొలము కౌలు, పింఛను, వాటాలపై డివిడెండు, తాతల నాటి యిల్లు అమ్మగా వచ్చిన రొక్కము మున్నగువానికి, ఎన్‌ఆర్‌ఓ ఖాతా. ఉన్న ఊరి పాత పాస్‌బుక్కు మారవలసినది ఈ రూపములోనికే. దీనిపై వచ్చు వడ్డీలో నూటికి 30 వంతులు, ఆపై సర్‌చార్జి, సెస్సు, బ్యాంకే ముందుగ పట్టి ప్రభుత్వమునకు కట్టును. మనకు పన్ను ఒప్పందమున్న దేశములవారు అచ్చటి పన్ను నివాసపత్రము చూపినచో ఈ కోత తగ్గును, అమెరికావారికి నూటికి 15 వంతులు. అసలు సొమ్మును విదేశమునకు పంపుటకును మేర కలదు: పన్నులు చెల్లించిన పిమ్మట, ఆర్థిక సంవత్సర మొకటికి పది లక్షల డాలర్లు. కూలివానికి ఆ మేర ఎన్నడును అడ్డు రాదు; హైదరాబాదులో స్థలమమ్మి అమెరికాకు సొమ్ము తరలింపగోరువానికి అది మొదట తెలియవలసిన మాట.

ఎన్‌ఆర్‌ఇనుండి ఎన్‌ఆర్‌ఓలోనికి సొమ్ము జారుట సులభము. ఎన్‌ఆర్‌ఓనుండి ఎన్‌ఆర్‌ఇలోనికి ఎక్కుటకు పన్ను చెల్లింపు రుజువులు, పైన చెప్పిన మేర, అన్నియు కావలెను. కావుననే జీతము పంపువాడు మొదటి నెలనే చోటు చూచుకొనవలెను. పరాయిదేశమున చెమటోడ్చి ఆర్జించిన సొమ్మును తెలియక ఎన్‌ఆర్‌ఓలో వేసికొన్నవాడు నేరమేమియు చేయలేదు, కాని వడ్డీపై ఉచితముగ లభించు పన్ను మినహాయింపును చేజేతుల పోగొట్టుకొన్నాడు. సొమ్మును హుండీవాని చేతికిచ్చి పంపువాని నష్టము ఇంకను పెద్దది: ఆ సొమ్ము బ్యాంకు దారిన రాలేదు గనుక ఎన్‌ఆర్‌ఇలో దానికి చోటే లేదు, పైగా ఆ మార్గమే చట్టవిరుద్ధము.

మూడవదైన ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిటు ఒక సంవత్సరమునకు తక్కువ గాక, ఐదు సంవత్సరములకు మించక, డాలరు, పౌను వంటి నాణెములోనే నిలుచును. 1991 నడుమ డాలరు సుమారు 21 రూపాయలుండెను. నేడు 80 దాటినది. ఎన్‌ఆర్‌ఇ వడ్డీ పైకి ఎక్కువగ కనబడినను, ఆ సొమ్మును తిరిగి డాలర్లుగ మార్చుకొనదలచినవానికి రూపాయి పతనము ఆ వడ్డీని తినివేయవచ్చును. ఇందు నా అభిప్రాయము సూటియైనది: పిల్లల చదువు, ఇల్లు, ముసలితనము ఇచ్చటనే గడుపువారికి ఎన్‌ఆర్‌ఇ మేలు, విదేశముననే ఖర్చుపెట్టువారికి ఎఫ్‌సీఎన్‌ఆర్ మేలు.

ఖాతా తెరచుటకు కావలసిన కాగితములు కొన్నియే: పాస్‌పోర్టు, వీసా లేక నివాసానుమతి, విదేశపు చిరునామా రుజువు, ఛాయాచిత్రము, పాన్ సంఖ్య, పాన్ లేనివారు దాని బదులు ప్రకటనపత్రము. స్వయముగ బ్యాంకుకు రాలేనివారు ఆ నకళ్లపై భారత రాయబార కార్యాలయము, అచ్చటి నోటరీ, లేక ఆ బ్యాంకువారి విదేశశాఖ అధికారి సంతకము చేయించి పంపవచ్చును. తెలుగువారికి అసలు చిక్కు మరియొక చోట కలదు. మన ఇంటిపేరు ముందు వచ్చును; పాస్‌పోర్టులో అది పూర్తిగ విచ్చుకొని ఒక గడిలోను, పాన్ కార్డుపై మరియొక క్రమములోను, పాత పాస్‌బుక్కుపై ఒక్క పొడి అక్షరముగను ఉండును. ముగ్గురు వేర్వేరు మనుష్యులన్నట్లు కనబడు ఈ మూడు పేర్లను చూచి గుమాస్తా దరఖాస్తును త్రిప్పి పంపినచో అతనిని తప్పుపట్టజాలము. విమానమెక్కక ముందే, ఊరిలో ఉండగనే, అన్నిట ఒకే పేరు చేయించుకొన్నవానికి అటుపిమ్మట కష్టము లేదు. సెలవుపై వచ్చి నెలనాళ్లలో పోవలసినవానికి ఆఫీసుల చుట్టు తిరుగుటకు దినములెక్కడివి?

అమెరికాలో నివసించువారు ఒక విషయము నేమరరాదు. అమెరికా వెలుపలనున్న ఖాతాలన్నిటిలోని నిలువ కలిపి, సంవత్సరములో ఏ యొక్కనాడైనను పదివేల డాలర్లు మించినచో, ఆ వివరములు అచ్చటి ప్రభుత్వమునకు తెలుపవలెను. భారతదేశమున పన్ను లేని ఎన్‌ఆర్‌ఇ వడ్డీయు అచ్చట ఆదాయమే. 2015లో ఇరుదేశములు చేసికొన్న ఒప్పందము ననుసరించి మన బ్యాంకులే ఆ వివరములు పంపుచున్నవి.

ఇక ఇంటివారి మాట. ఎన్‌ఆర్‌ఇ ఖాతాలో భార్యనో తండ్రినో జతచేయవచ్చును, కాని ‘మొదటివారు లేక బ్రతికియున్నవారు’ అను షరతుపైననే; మనిషి జీవించియుండగా ఆ జతపేరువారు సొమ్ము తీయవలెనన్నచో అధికారపత్రము ప్రత్యేకముగ వ్రాసి యీయవలెను. జతపేరు చేర్పనివాడు నామినీ పేరైనను వ్రాయవలెను. పరదేశమున మరణించినవాని దేహము ఊరు చేరుటకే దినములు పట్టును. ఆపై నామినీ లేని ఖాతాలోని సొమ్ముకై ఆతని యిల్లాలు వారసత్వ పత్రములు పట్టుకొని తిరుగవలసి వచ్చుట, దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగ విడిచిన ఫలితము.

పని ముగించి శాశ్వతముగ తిరిగి వచ్చినవాడు మరల ఒక్కమారు బ్యాంకుకు పోవలెను. వచ్చినట్లు తెలిపిన వెంటనే ఎన్‌ఆర్‌ఇ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు మామూలు ఖాతాలుగ మారును. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిటు గడువు తీరువరకు ఒప్పుకొన్న వడ్డీకే సాగును. విదేశీ నాణెమును విడువనొల్లనివారు దానిని ఆర్‌ఎఫ్‌సీ అను ఖాతాలోనికి మార్చుకొనవచ్చును.