పట్టుగూడంత గడ్డ

మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఆడపిల్లలకు గూటిని చేత్తో పట్టి చూడడం చిన్నప్పటి నుంచీ అలవాటే. రెండు వేళ్ల మధ్య ఒత్తితే చాలు, గట్టిదో మెత్తదో తెలిసిపోతుంది. అలాంటి చేతికే ఒకరోజు నీళ్లు పోసుకుంటుంటే రొమ్ములో ఏదో తగులుతుంది. నున్నగా, గుండ్రంగా ఉంటుంది, నొప్పి ఉండదు. నొక్కితే వేలికింద నుంచి పక్కకు జారిపోతుంది. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లో, ఇరవై రెండేళ్లో ఉంటాయి. ఆ రాత్రి నిద్ర పట్టదు.

కొందరు నెలల తరబడి ఎవరికీ చెప్పరు. ఎప్పటికో అమ్మకు చెబితే, ఎన్నాళ్లుగా ఉందనో నొప్పి ఉందా అనో కాదు, ముందుగా వచ్చే ప్రశ్న వేరు: “ఎవురికన్నా చెప్పినావా మే?” ఆ తల్లిని తప్పుబట్టలేను. సంబంధాలు చూస్తున్న ఇంట్లో గడ్డ అనే మాట గడప దాటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే మాట బయటికి రాకుండా పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తారు, ఆకు కట్టు కడతారు. పట్టు వేసినచోట చర్మం పొక్కుతుంది. గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో తమిళం మాట్లాడేవాళ్లు కట్టి అంటారు, కన్నడం మాట్లాడేవాళ్లు గంటు అంటారు, మనం గడ్డ అంటాం. సెగగడ్డకూ అదే మాట, క్యాన్సర్‌కూ అదే మాట, ఏ హానీ చేయని కాయకూ అదే మాట. వినగానే మనసు అన్నిటికన్నా చెడ్డదాని దగ్గరికే పోతుంది. కానీ ఈ వయసు ఆడపిల్లల రొమ్ముల్లో తగిలే గడ్డల్లో చాలా ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. వాటిలో తరచుగా కనిపించేదాని పేరు ఫైబ్రోఎడినోమా.

రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గుత్తులుంటాయి. ఈడొచ్చే నాటి నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోను వాటిని పెంచుతుంది. ఎక్కడో ఒక గుత్తి, దాని చుట్టూ ఉన్న పీచులాంటి కండ, పెరగాల్సినదానికన్నా కాస్త ఎక్కువ పెరిగి ఉండలా కడుతుంది. 15 నుంచి 35 ఏళ్ల మధ్యే ఇది ఎక్కువ. సాధారణంగా ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లుంటుంది, అంటే పెద్దదైతే పట్టుగూడంత. గర్భంతో ఉన్నప్పుడు పెరగొచ్చు, ముట్లుడిగాక చిన్నదవుతుంది. కొందరికి ఒకటికన్నా ఎక్కువ ఉంటాయి. లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1829లో రొమ్ము జబ్బుల మీద బొమ్మలతో వేసిన గ్రంథంలోనే ఇలాంటి గడ్డలను క్యాన్సర్ నుంచి విడదీసి చూపించాడు. 1987లో వేల్స్‌లోని కార్డిఫ్ సర్జన్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. వీటిలో చాలావాటిని రోగం అనడమే సరికాదు, మామూలు ఎదుగుదలలో వచ్చిన చిన్న తేడా అనాలి అన్నారు. ఆడపిల్లకు మొదట చెప్పాల్సిన మాట ఇదేనని నేను నమ్ముతాను. ఆమె తిన్న తిండి వల్ల గానీ, వేసుకున్న లోదుస్తుల వల్ల గానీ ఇది రాలేదు.

అయితే “ఈ వయసులో ఏం కాదులే” అని చేత్తో తడిమి పంపేయడమూ అంతే తప్పు. పట్టుగూళ్ల వ్యాపారికి ఈ సంగతి తెలుసు. చేత్తో ఒత్తి అంచనా కట్టొచ్చు గానీ, లోపల దారం ఎంత ఉందో గూడును వేడినీళ్లలో వేసి తీసేదాకా తేలదు. గడ్డ విషయంలో తేల్చడానికి మూడు మెట్లున్నాయి. డాక్టరు చేత్తో చూడడం మొదటిది, స్కానింగు రెండోది, అవసరమైతే సూది పరీక్ష మూడోది. మూడూ ఒకే మాట చెబితే ఇక నిశ్చింతగా ఉండొచ్చు. ఒకటి తేడాగా చెబితే మళ్లీ వెతకాలి.

పాతికేళ్ల అమ్మాయికి సాధారణంగా మామోగ్రామ్ తీయరు. ఆ వయసులో రొమ్ము కండ దట్టంగా ఉండి ఫిల్ము మీద తెల్లగా పడుతుంది, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. హార్సిలీ కొండ మంచులో తెల్లటి పుంగనూరు ఆవును వెతికినట్టే. అందుకే అల్ట్రాసౌండ్ చేస్తారు. అది కడుపు చూసే మిషనే. ఇక్కడే మన చిన్న ఊళ్లలో ఒక అడ్డుంది. స్కానింగు సెంటరు గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు, బెంచీల మీద గర్భిణులు, వాళ్ల మధ్య పెళ్లికాని పిల్ల. ఎదురుగా కూర్చున్న ఊరివాళ్ల చూపుకు భయపడి వెనక్కి తిరిగి పోయేవాళ్లుంటారు. ఆ చూపు చూసేవాళ్లకు ఒక్క మాట: స్కానింగు అంటే కడుపు ఒక్కటే కాదు.

సూది అంటే ఇంకో భయం. గుచ్చితే పాకుతుందని, కదిపితే క్యాన్సర్‌గా మారుతుందని అంటారు. అందులో నిజం లేదు. సన్న సూదితో కొన్ని కణాలు లాగి గాజుపలక మీద చూస్తారు. మరికొంచెం లావు సూదితో, అక్కడికి మాత్రమే మత్తిచ్చి, చిన్న ముక్క తీస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. సూది హానిలేని గడ్డను క్యాన్సర్‌గా మార్చదు.

ఫైబ్రోఎడినోమా అని తేలాక కోయాలా? చాలామందికి అక్కర్లేదు. ఆరునెలలకు ఒకసారి స్కానింగు చేసి, ఏడాది రెండేళ్లు కొలత గమనిస్తే చాలు. కొన్ని వాటంతటవే తగ్గుతాయి, ఎక్కువ భాగం అలాగే ఉండిపోతాయి. మూడు సెంటీమీటర్లు దాటినా, పెరుగుతూ పోయినా, రొమ్ము ఆకారం మారినా, సూది పరీక్షలో అనుమానం మిగిలినా తీసేస్తారు. అమ్మాయికి మనసు కుదుట పడకపోయినా తీయించుకోవచ్చు, అదీ సరైన కారణమే. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున కోస్తే మచ్చ పెద్దగా కనబడదు. కరిగించే మందని అమ్మేవాళ్లకు డబ్బులు పోయొద్దు. నమ్మకంగా కరిగించే మాత్ర లేదు. ఈ గడ్డ ఉన్నా, తీయించుకున్నా పెళ్లికి అడ్డం లేదు. బిడ్డకు పాలివ్వడానికీ సాధారణంగా అడ్డం రాదు.

చూపుకు ఫైబ్రోఎడినోమాలాగే ఉండి వారాల్లోనే పెరిగిపోయేది ఒకటుంది, ఫిల్లోడిస్ అంటారు. అది అరుదు. దాన్ని చుట్టూ కొంత మంచి కండతో సహా తీయాలి, లేకపోతే మళ్లీ రావొచ్చు. ఇంకొకటి మదనపల్లెకు బాగా తెలిసిన జబ్బే. 1915 నుంచి ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు వైద్యం జరిగింది. అదే క్షయ అరుదుగా రొమ్ములోనూ వస్తుంది. గడ్డ చీము పట్టి, కోసినా మానక, చిన్న రంధ్రం నుంచి కారుతూనే ఉంటే ఆ అనుమానం రావాలి. దానికి కత్తికన్నా నెలల తరబడి వాడే క్షయ మందులే ముఖ్యం. గట్టిగా రాయిలా కదలకుండా ఉన్న గడ్డ, సొట్టపడిన చర్మం, బత్తాయి తొక్కలా మారిన చర్మం, కొత్తగా లోపలికి పోయిన చనుమొన, నెత్తురు కారడం, చంకలో గడ్డ, ఇవి ఏ వయసులో కనబడినా ఒక్క వారం కూడా ఆగొద్దు. తల్లికో అక్కకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

“లేడీ డాక్టరుంటే చూపిస్తాం” అంటారు మనవాళ్లు. ఈ పట్టు ఎంత పాతదో రాయవేలూరుకు తెలుసు. 1890ల్లో తిండివనంలో, ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వేర్వేరుగా వచ్చి పురిటి నొప్పులు పడుతున్న భార్యల కోసం ఐడా స్కడర్‌ను రమ్మన్నారు. అప్పటికి ఆమె డాక్టరు కాదు, అక్కడి మిషనరీ డాక్టరు కూతురు. తండ్రిని పంపుతానంటే మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె చదువుకు వెళ్లి డాక్టరై తిరిగివచ్చి 1900లో రాయవేలూరులో మొదలుపెట్టినదే నేటి సీఎంసీ ఆసుపత్రి. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కట్టిందీ ఆమె కుటుంబం పనిచేసిన ఆర్కాట్ మిషనే. మొదటి పరీక్షకు ఇప్పుడు రాయవేలూరు దాకా పోనక్కర్లేదు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. సర్జరీ ఓపీలో మగ డాక్టరే ఉన్నా, పక్కన నర్సు ఉండాలని అడగడం మీ హక్కు.

నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇంకోటుంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరుతో పాటు రొమ్ము క్యాన్సర్ గురించీ అడుగుతారు. కానీ రొమ్ము క్యాన్సర్ లెక్క 30 ఏళ్ల నుంచి మొదలవుతుంది. క్యాన్సర్‌ను వెతకడానికి అది సరైన వయసే. గడ్డ తగిలి ఒంటరిగా భయపడే వయసు మాత్రం అంతకు ముందే. ద్రావిడ విశ్వవిద్యాలయం హాస్టల్లోనో, టమోటా తోటలోనో ఉన్న ఇరవయ్యేళ్ల అమ్మాయిని ఆ జాబితా అడగదు. ఇంటికొచ్చిన ఏఎన్ఎం పక్కనున్న కూతురిని కూడా ఒక్క మాట అడిగితే ఖర్చేమీ కాదు.

పరీక్షకు ముట్టు మొదలైన వారం పది రోజులకు వెళ్లడం మంచిది. ముట్టుకు ముందు రొమ్ములు బరువెక్కి, మామూలు కండే గడ్డలా తగులుతుంది. స్కానింగు కాగితంలో రెండు సంగతులు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. గడ్డ కొలత మిల్లీమీటర్లలో ఉండాలి. అది గడియారం ముల్లు లెక్కన ఎన్ని గంటల వైపు ఉందో కూడా రాయాలి. ఆరునెలల తర్వాత ఇంకో డాక్టరు ఇంకో మిషను మీద చూసినా, పోల్చడానికి మిగిలేది ఆ కాగితమే. పుంగనూరు నుంచి మదనపల్లె బస్సెక్కేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి. ఇంట్లో పదో తరగతి మార్కుల జాబితా దాచిన కవరులోనే దాన్నీ పెట్టండి.