రైళ్లు ఆగాయి, నెలలు ఆగలేదు: మహమ్మారి కాలంలో సూరత్ గర్భిణుల సంరక్షణ

2020 మార్చి 22. జనతా కర్ఫ్యూ రోజు. దేశమంతటా ప్రయాణికుల రైళ్లను నిలిపివేస్తున్నట్లు రైల్వే శాఖ ప్రకటించింది. మూడు రోజులకు లాక్‌డౌన్ మొదలైంది. గుజరాత్‌లోని సూరత్ నగరంలో లక్షల మగ్గాలు మూగబోయాయి. వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు మూతపడ్డాయి.

సూరత్‌లోని లింబాయత్, ఉధనా వంటి కార్మిక వాడల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి చేనేత కుటుంబాలు దశాబ్దాల క్రితమే ఇక్కడికి వలస వచ్చాయి. సిరిసిల్లలో ‘సాంచాలు’ అని పిలిచే మరమగ్గాలే ఇక్కడా వారికి బతుకుతెరువు. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే మనవాళ్లు అక్కడ ఎంతగా స్థిరపడ్డారో తెలుస్తుంది. అయితే ఎన్నేళ్లు అక్కడ ఉన్నా, తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ మాత్రం చాలా ఇళ్లలో పోలేదు. ఏడో నెలలో సీమంతం చేసి, రైలెక్కించి తీసుకుపోతారు.

ఆ మార్చిలో ఏడో నెల నడుస్తున్న ఒక గర్భిణిని ఊహించుకుందాం. ఆరో నెల వరకు పరీక్షలు సూరత్‌లో జరిగాయి. కాన్పు తెలంగాణలో అనుకున్నారు. రైలు లేదు. భర్తకు కూలి లేదు. వీధి చివర పోలీసు కంచె. ఆసుపత్రికి వెళితే జబ్బు అంటుకుంటుందని ఇంట్లో పెద్దల భయం. “ఇప్పుడు బాగానే ఉన్నావు కదా, నాలుగు రోజులు ఆగి వెళ్దాంలే” అన్న మాట సహజంగానే వస్తుంది. వైద్యుల దృష్టిలో ఆ వాయిదాయే పెద్ద ప్రమాదం.

ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుంది?

పట్టణ ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి చేసే పరీక్షలు చూడటానికి చాలా మామూలుగా ఉంటాయి. బరువు చూస్తారు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. వేలి నుంచి రక్తపు చుక్క తీసి హిమోగ్లోబిన్ కొలుస్తారు. మూత్రంలో ప్రొటీన్, చక్కెర ఉన్నాయేమో పరీక్షిస్తారు. పొట్ట తడిమి బిడ్డ ఎదుగుదలను అంచనా వేస్తారు. గుండె చప్పుడు వింటారు. ఐరన్, కాల్షియం మాత్రలు ఇచ్చి పంపుతారు. మొత్తం ఇరవై నిమిషాల పని.

ఇలాంటి సందర్శనలు కనీసం నాలుగు ఉండాలని మన జాతీయ కార్యక్రమం చెబుతుంది. మొదటిది 12 వారాల లోపు. రెండోది 14-26 వారాల మధ్య. మూడోది 28-34 వారాల మధ్య. నాలుగోది 36వ వారం తర్వాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ సంఖ్యను 8కి పెంచాలని సూచించింది. చివరి మూడు నెలల్లో సందర్శనలు దగ్గర దగ్గరగా ఉండటానికి కారణం ఉంది. అసలైన ప్రమాదాలు బయటపడేది అప్పుడే.

వాటిలో ముఖ్యమైనది ప్రీఎక్లాంప్సియా. గర్భం 20 వారాలు దాటాక కొందరిలో మాయలోని రక్తనాళాల లోపం వల్ల బీపీ 140/90 దాటుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు. మొదట్లో ఆమెకు ఏ బాధా తెలియదు. ముఖం, చేతులు ఉబ్బినా ‘ఒంటికి నీరు పట్టింది’ అని వదిలేస్తారు. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో దీన్నే గుర్రపువాతం అంటారు. ముందే కనిపెడితే బీపీ మందులతో, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్‌తో, సరైన సమయంలో కాన్పు చేయడంతో తల్లీబిడ్డలను కాపాడవచ్చు. మెగ్నీషియం సల్ఫేట్ వల్ల ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో వెలువడిన ‘మాగ్‌పై’ అంతర్జాతీయ పరిశోధన నిరూపించింది. కానీ ఆ మందు ఎవరికి అవసరమో చెప్పేది బీపీ పట్టీయే. ఆ పట్టీ చేతికి చుట్టే అవకాశమే పోతే, మందు ఉండీ లాభం లేదు.

రెండోది రక్తహీనత. గర్భం దాల్చాక రక్తంలోని ద్రవభాగం 40-50 శాతం దాకా పెరుగుతుంది. ఎర్ర రక్తకణాలు అంత వేగంగా పెరగవు. అందుకే హిమోగ్లోబిన్ కొంత తగ్గడం మామూలే. 100 మిల్లీలీటర్ల రక్తంలో అది 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. 2019లో, అంటే మహమ్మారికి ముందే జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం గుజరాత్‌లో 62.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం గర్భిణులు రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో కాస్త ఎక్కువ రక్తస్రావమైనా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడమంటారు. లాక్‌డౌన్‌లో రెండు నెలలు కేంద్రానికి వెళ్లకపోతే అరవై మాత్రలు తప్పినట్లే. అదే సమయంలో కూలి పోయి ఇంట్లో పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా తగ్గాయి.

మూడు ఆలస్యాలు

తల్లుల మరణాలు ఎందుకు జరుగుతాయో వివరించేందుకు సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో ‘మూడు ఆలస్యాలు’ అనే చట్రాన్ని ప్రతిపాదించారు. వైద్యం అవసరమని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం రెండోది. చేరాక చికిత్స అందడంలో ఆలస్యం మూడోది. సాధారణ రోజుల్లో వీటిలో ఏదో ఒకటి ఎదురవుతుంది. 2020లో మూడూ ఒకేసారి ఎదురయ్యాయి. భయం వల్ల మొదటిది, వాహనాలు లేక రెండోది, కొవిడ్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూపు, పడకల కొరత వల్ల మూడోది.

ఫలితం ఏమిటో పలుచోట్ల లెక్కలు తేల్చాయి. జోధ్‌పూర్ ఎయిమ్స్ వైద్యుల అధ్యయనంలో, మహమ్మారికి ముందు నెలలతో పోలిస్తే ఆసుపత్రి కాన్పులు 45.1 శాతం తగ్గాయి. ఐసీయూలో చేర్చాల్సి వచ్చిన గర్భిణుల సంఖ్య మాత్రం రెండున్నర రెట్లయింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి తగినన్ని పరీక్షలు జరగలేదు. నేపాల్‌లో తొమ్మిది ఆసుపత్రులను పరిశీలిస్తే లాక్‌డౌన్‌లో కాన్పులు సగానికి పైగా పడిపోయాయి; మృతశిశు జననాలు వెయ్యికి 14 నుంచి 21కి పెరిగాయి. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2021లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ ప్రచురించిన విశ్లేషణ కూడా మృతశిశు జననాలు, తల్లుల మరణాలు పెరిగాయని తేల్చింది.

ఇది కొత్త సంగతి కాదు. 2014-15లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా వ్యాపించినప్పుడు, ఆసుపత్రులకు వెళ్లడం తగ్గిన కారణంగా తల్లులు, నవజాత శిశువుల మరణాలు, మృతశిశు జననాలు కలిపి కనీసం 3,600 అదనంగా జరిగాయని ఒక అంచనా. ఆ దేశంలో ఎబోలా నేరుగా తీసిన ప్రాణాల సంఖ్యకు అది దాదాపు సమానం.

వైరస్ చేసిన హాని

అలాగని ఆసుపత్రికి వెళ్లడానికి జనం పడిన భయం పూర్తిగా నిరాధారం కాదు. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి పెరిగి ఊపిరితిత్తుల కిందనున్న పొరను పైకి నెడుతుంది. శరీరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే స్వభావం కూడా ఎక్కువవుతుంది. ఊపిరితిత్తులనూ, రక్తనాళాలనూ దెబ్బతీసే కొవిడ్ ఇలాంటి శరీరంలోకి ప్రవేశిస్తే తట్టుకునే అవకాశం తక్కువ.

ముంబయిలోని ఐసీఎంఆర్ పునరుత్పత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నిర్వహించిన ‘ప్రెగ్‌కోవిడ్’ రిజిస్ట్రీ దీనికి మన దేశపు ఆధారం చూపింది. కొవిడ్ సోకిన 1,530 మంది గర్భిణులు, బాలింతల వివరాలను పరిశోధకులు విశ్లేషించారు. మొదటి అల నాటి 1,143 మందిలో 8 మంది, అంటే 0.7 శాతం మరణించారు. రెండో అల నాటి 387 మందిలో 22 మంది, అంటే 5.7 శాతం మరణించారు. తేడా ఎనిమిది రెట్లు. జ్వరం, ఆయాసం వంటి లక్షణాలు కనిపించినవారి శాతం కూడా రెండో అలలో రెట్టింపయింది.

కాబట్టి వైద్యుల ముందున్న సమస్య రెండు వైపులా పదునున్న కత్తి. గర్భిణిని ఆసుపత్రికి రమ్మంటే వైరస్ ముప్పు. రావద్దంటే బీపీ, రక్తహీనతల ముప్పు.

ఎలా సర్దుకున్నారు?

పరిష్కారం కోసం సందర్శనలను విడదీసి చూశారు. ఏది ఫోన్‌లో జరుగుతుంది, ఏది మనిషి వస్తేనే జరుగుతుంది? మందుల మోతాదు, ఆహారం, బిడ్డ కదలికలు, తలనొప్పి, వాపు వంటి విషయాలు ఫోన్‌లో మాట్లాడవచ్చు. లాక్‌డౌన్ మొదలైన రోజే, అంటే 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ సేవ మొదలైంది. కానీ బీపీ, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, స్కానింగ్ ఫోన్‌లో కావు. అందుకే దేశంలోని ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ, అత్యవసరం కాని సందర్శనలను తగ్గించి, తప్పనిసరి పరీక్షలను వీలైనంత వరకు ఒకే రాకలో పూర్తి చేయాలని సూచించింది.

2020 ఏప్రిల్ 14న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో గర్భిణుల సంరక్షణ, కాన్పులు అత్యవసర సేవల జాబితాలో ఉన్నాయి. కట్టడి ప్రాంతాల్లో ఐదు రోజుల్లో కాన్పు కావాల్సిన గర్భిణులకు లక్షణాలు లేకపోయినా కొవిడ్ పరీక్ష చేయాలని ఐసీఎంఆర్ ఏప్రిల్‌లోనే చెప్పింది. ఫలితం రాలేదన్న కారణంతో కాన్పును ఆపరాదని మే నెలలో స్పష్టం చేసింది. పుట్టిన బిడ్డను తల్లి నుంచి వేరు చేయాల్సిన పనిలేదని, మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం ఎందరో బాలింతలకు ఊరటనిచ్చింది.

సూరత్‌కు ఈ విషయంలో ఒక పాత అనుభవం తోడుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ నగరాన్ని వదిలి పారిపోయారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో పారిశుద్ధ్యంతో పాటు, వాడవాడలా జబ్బుల లెక్క రోజూ తీసే పద్ధతి బలపడింది. పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఆ వ్యవస్థకు పునాది. పాతికేళ్ల తర్వాత కొవిడ్ వచ్చినప్పుడు కొత్త సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మీమర్ ఆసుపత్రి కొవిడ్ రోగులతో నిండిపోతుంటే, ధన్వంతరి రథాలనే సంచార వైద్య వాహనాలు వాడల్లోకి వెళ్లాయి. ఇంటి గడప దాకా వెళ్లే ఆరోగ్య కార్యకర్తలే గర్భిణికి, వైద్యుడికి మధ్య మిగిలిన వంతెన అయ్యారు.

కార్డు వెంట ఉందా?

వలస కుటుంబాలకు మరో చిక్కు ఎదురైంది. 2020 మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు కదిలింది. తర్వాత సూరత్ నుంచీ లక్షల మంది స్వస్థలాలకు బయలుదేరారు. వారిలో నెలలు నిండిన స్త్రీలూ ఉన్నారు. రైళ్లలోనే ప్రసవించిన వారి వార్తలూ వచ్చాయి.

ఆరు నెలలు ఒక రాష్ట్రంలో చూపించుకుని, కాన్పుకు మరో రాష్ట్రం చేరిన స్త్రీ విషయంలో అక్కడి వైద్యురాలికి దొరికే ఏకైక చరిత్ర ఆమె చేతిలోని కార్డు. గుజరాత్‌లో దాన్ని మమతా కార్డు అంటారు. మన దగ్గర మాతాశిశు రక్షణ కార్డు. అందులోని రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ అంకెలకు భాషతో పనిలేదు. గుజరాతీ రాకపోయినా సిరిసిల్లలోని నర్సు ఆ అంకెలు చదవగలదు. నాలుగో నెలలో 110/70 ఉన్న బీపీ ఎనిమిదో నెలలో 136/88కి చేరితే, అది 140/90 దాటకపోయినా జాగ్రత్త పడాల్సిన పెరుగుదల. కార్డు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

టీకా ఆలస్యం

గర్భిణులకు టీకా అందడానికి మరో ఏడాది పట్టింది. తొలి టీకా ప్రయోగాల్లో గర్భిణులను చేర్చుకోలేదు. భద్రతకు ఆధారాలు లేవన్న కారణంతో 2021 జనవరిలో మొదలైన కార్యక్రమంలో వారికి చోటు దక్కలేదు. 2021 జులై 2న కేంద్రం అనుమతించే నాటికి రెండో అల ఉద్ధృతి దాటిపోయింది. రక్షణ పేరుతో పరిశోధనకు దూరంగా ఉంచితే, అవసరమైన వేళ రక్షణే ఆలస్యమవుతుందని శాస్త్రవేత్తలు ఈ అనుభవం నుంచి గ్రహించారు.

గుర్తుంచుకోవాల్సినవి

మహమ్మారి అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కానీ వరద, తుపాను, కర్ఫ్యూ, ఏదో ఒకటి మళ్లీ దారి మూసేయవచ్చు. అలాంటప్పుడు కూడా వాయిదా వేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, జ్వరం, ఆయాసం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలై 2007లో గుజరాత్‌కు చేరిన ఈ సేవ ఇప్పుడు రెండు చోట్లా ఒకే నంబరుతో పలుకుతుంది.

ఏ బాధా లేకపోయినా తేదీ ప్రకారం పరీక్షకు వెళ్లాలి. బీపీ పెరిగిన తొలి రోజుల్లో ఏ తల్లికీ నొప్పి ఉండదు. కాన్పుకు పుట్టింటికి బయలుదేరేటప్పుడు పసుపు కుంకుమ, చీరె సారెతో పాటు కార్డు కూడా సంచిలో పెట్టుకోవాలి.