పంటి వైద్యమున హాస్యవాయువు

పంటిపోటుతో రాత్రియెల్ల నేడ్చిన పిల్లవాడు, వైద్యుని కుర్చీ కంటబడగానే నొప్పి తగ్గినదని బొంకుట యెల్లరెఱిగినదే. అట్టివానిని కాలుసేతులు పట్టి కూర్చుండబెట్టుట కొందఱు పెద్దల పద్ధతి. అది మాకు సమ్మతము గాదు. ఆనాడు పుట్టిన భయము పెద్దవాడైనను వదలకపోవచ్చును. ఇట్టి పిల్లల కొఱకు దంతవైద్యులు వాడు హాస్యవాయువును గూర్చి కొంత వివరింతుము.

దీని శాస్త్రనామము నైట్రస్ ఆక్సైడు. దీనిని పీల్చినచో నొప్పి తగ్గునని 1800లో హంఫ్రీ డేవీ వ్రాసెను గాని, వైద్యులు నలువదేండ్లకు పైగా దానిని లెక్కచేయరైరి. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణపు దంతవైద్యుడు హొరేసు వెల్సు తానే దానిని పీల్చి, తన పంటినే పీకించుకొని చూచెను. మఱుసటి యేడు బోస్టనులో పదుగురి యెదుట ప్రయోగించినపుడు మాత్రము రోగి కేక వేయుటచే నతడు పరిహాసమునకు పాత్రుడయ్యెను.

ఆ కాలమున వాయువును సంచినుండి పీల్చెడివారు. అందు ప్రాణవాయువు కలుపబడలేదు. నేటి రక్షణ యంతయు నా కలయికయందే యున్నది. ముక్కుపై చిన్న తొడుగు నుంచి, మొదట ప్రాణవాయువునే పీల్పించి, పిమ్మట హాస్యవాయువును కొద్దికొద్దిగా చేర్తురు. సాధారణముగా నూటికి 50 పాళ్లు దాటనీయరు. నేటి యంత్రములు ప్రాణవాయువును 30 పాళ్లకు తగ్గనీయవు. అది నిలిచిపోయినచో హాస్యవాయువును దానంతట నదియే నిలిచిపోవును. మన చుట్టునున్న గాలిలో ప్రాణవాయువు 21 పాళ్లే గదా!

పిల్లవాడు నిద్రపోడు. నోరు తెఱువుమన్న తెఱచును, పిలిచిన పలుకును. పలుకు తగ్గినచో మోతాదు మించినదని వైద్యుడు గ్రహించి వెంటనే తగ్గింపవలెను. కావున అతడు పిల్లవానితో నేదో మాటలాడుచుండుట కాలక్షేపము గాదు, పరీక్షయే. వ్రేలికి తగిలించిన పరికరము రక్తములోని ప్రాణవాయువును చూపుచుండును. భయము తగ్గినను, చిగురు మొద్దుబాఱుటకు సూదిమందు తఱచుగా వేయవలసియే యుండును. పని ముగిసిన పిదప సుమారు 5 నిమిషములు ప్రాణవాయువును మాత్రమే పీల్పింతురు.

ఇక తలిదండ్రుల వంతు. సెలవు మరల దొరకదని బిడ్డ జలుబును దాచి తీసికొనిపోవువారు గలరు. ముక్కు మూసికొనిపోయినచో వాయువు లోనికి పోదు; వాయిదా వేయించుటయే మేలు. చెవిపోటు, ఊపిరితిత్తుల జబ్బు, ఇటీవలి కంటి శస్త్రచికిత్స, బి12 విటమిను లోపము, వాడుచున్న మందులు, వీనిలో నేదియున్నను ముందుగా చెప్పవలెను. కడుపునిండ తినిపించి తీసికొనిపోయినచో వాంతి కావచ్చును. ఎప్పుడు, ఏమి పెట్టవలెనో వైద్యునే యడుగుడు. నోటితో గాలి పీల్చు నలవాటుగల పిల్లలకు, నోరు మూసికొని ముక్కుతో పీల్చుటను నాలుగు దినములు ముందుగా నింటనే ఆటగా నేర్పవచ్చును.