పొగరు కాదు, నిద్ర చాల్లేదు!

నాలుగో జ్వరం లేచిన పట్టుపురుగులకు ఆకలెక్కువ. గూడు కట్టేలోగా తినే మొత్తం ఆకులో 80 శాతానికి పైగా ఆ చివరి వారంలోనే తినేస్తాయి. మడకశిర చుట్టుపక్కల పట్టు పెంచే ఇళ్లలో ఆ వారమంతా పెద్దలకు కంటిమీద కునుకుండదు. రాత్రి పొద్దుపోయాక మేత వేయాలి, తెల్లారకముందే మళ్లీ ఆకు కోతకు లేవాలి. లైటు వెలిగినప్పుడల్లా పక్కన పడుకున్న పిల్లవాడూ మేలుకుంటాడు.

ఒకప్పుడు ఈ పని బోర్లు చేసేవి. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా చాలాకాలం త్రీఫేజ్ కరెంటు పగలు కొంత, రాత్రి కొంత ఇచ్చేవారు. అర్ధరాత్రి నాన్న బ్యాటరీ లైటు పట్టుకుని తోటకు బయల్దేరితే, ఏ పాము కాటేస్తుందోనని ఇల్లంతా మేలుకునేది. తర్వాత పగటి కరెంటు వచ్చింది. రాత్రి మిగిలిందనుకుంటే సెల్‌ఫోన్ వచ్చి కూర్చుంది!

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9-12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8-10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. గంటల లెక్క ఒక్కటే చాలదు. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. మనసు నొచ్చుకున్న సంగతులను సర్దుకునేది ఈ కలల నిద్రలోనేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. నాలుగింటికే చదువుకు లేపితే కోతపడేది దానికే. వేకువన చదివితే బుర్రకెక్కుతుందని మనకో నమ్మకం. ఎనిమిదింటికే పడుకున్న రోజుల్లో అది నిజమేనేమో!

నిద్ర చాలని పెద్దవాళ్లు మందకొడిగా ఉంటారు. చిన్నపిల్లలు చాలాసార్లు దానికి తలకిందులు. గంతులేస్తారు, కొట్లాడతారు. టీనేజి పిల్లలైతే ఊరికే కసురుకుంటారు, చిన్నమాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇంట్లో దానికి పెట్టే పేరు పొగరు. పైగా ఆ వయసులో నిద్ర పుట్టించే మెలటొనిన్ హార్మోను ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి నిద్ర రాలేదంటే అబద్ధమేం కాదు. అందుకే కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం 8.30కి ముందు మొదలుపెట్టకూడదని 2019లో చట్టం చేశారు. 2022 నుంచి అమలవుతోంది. పదో తరగతి స్పెషల్ క్లాసును వేకువ నుంచి సాయంత్రానికి మార్చడానికి మనకు చట్టం కూడా అక్కర్లేదు.

పురుగులు పండే వారం పిల్లల పడక వేరే గదికో, పక్కనున్న చిన్నాన్న ఇంటికో మార్చండి. ఫోన్ రాత్రిపూట వంటింట్లో ఉంచండి, మీది కూడా.

అయితే నిద్రలేమి దిగులుకు కారణమే కాదు, ఒక్కోసారి దిగులుకు గుర్తు కూడా. అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోయి, అవ్వ దగ్గర ఉంటున్న పిల్లకు నిద్ర పట్టడం లేదంటే ఫోన్ లాక్కోవడం మందు కాదు. ముందు ఏం తలుచుకుంటోందో అడగాలి. రెండు వారాలైనా నిద్ర కుదుటపడక, స్నేహితులకు దూరమై, తిండి మానేస్తుంటే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోతానన్న మాట వస్తే అంతవరకూ ఆగొద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ నంబరు 14416. ఏ వేళకైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.