గేదె ఇచ్చారు సరే, కూలి మాటేమిటి?

ఒక చోట పేదలకు మేలు చేసిన జీవనోపాధి పథకం ఇంకో చోట కూడా చేస్తుందా? ఈ ప్రశ్నకు మన మెదక్ పల్లెల్లో ఒక జవాబు దొరికింది. వినడానికి ఇంపుగా ఉండదు గనుక దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ముందు ఆ పథకం ఎక్కడిదో చూద్దాం.

2002లో బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని మొదలుపెట్టింది. అప్పటికే అక్కడ సూక్ష్మ రుణాలు విస్తారంగా ఉన్నాయి. అయినా అట్టడుగున ఉన్నవాళ్లకు అవి అందడం లేదు. భూమి లేని కూలీలు, మగదిక్కు లేని ఇళ్లను నెట్టుకొస్తున్న ఆడవాళ్లు అప్పు అడగడానికే జంకుతారు. ఒకవేళ అడిగినా, వాయిదా కట్టలేరని గుంపులో చేర్చుకోరు. అందుకని వీళ్లకు అప్పు కాకుండా ఒక ఆస్తినే ఉచితంగా ఇచ్చారు. ఆవు, మేకలు, కోళ్లు, చిన్న వ్యాపారానికి సరుకు, ఇలా ఏదో ఒకటి. దాంతోపాటు కొన్ని నెలలు తిండి ఖర్చుకు భత్యం, పశువుల పెంపకంలో శిక్షణ, పొదుపు అలవాటు, తరచూ ఇంటికి వచ్చి మంచీచెడ్డా చూసే కార్యకర్త. మొత్తం రెండేళ్ల కార్యక్రమం.

భత్యం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. మేక ఈని, పిల్లలు పెరిగి, చేతికి డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా పొయ్యి వెలగాలి కదా. భత్యం లేకపోతే మొదట అమ్ముడుపోయేది ఆ మేకే.

అసలు పేదలెవరో తేల్చడం కూడా కాగితాల మీద జరగలేదు. ఊరివాళ్లే నేల మీద పటం గీసి, ఏ ఇల్లు ఎవరిదో గుర్తుపెట్టి, ఎవరి పరిస్థితి ఎలా ఉందో తమలో తాము వాదించుకుని వరస తేల్చేవారు. తర్వాత కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి సరిచూసేవారు.

పశ్చిమ బెంగాల్‌లో బంధన్ సంస్థ ముర్షిదాబాద్ జిల్లాలో ఇదే పద్ధతిని అమలు చేసింది. ఫలితం తేల్చడానికి పరిశోధకులు మందుల పరీక్షల్లో వాడే ఉపాయాన్నే వాడారు. అర్హుల జాబితా తయారయ్యాక లాటరీ తీసి కొందరిని పథకంలో చేర్చారు, మిగిలినవారిని పోలిక కోసం ఉంచుకున్నారు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్థాన్, పెరూ దేశాల్లో 10 వేలకు పైగా కుటుంబాలతో జరిగిన ఇలాంటి అధ్యయనం 2015లో వెలువడింది. ఆస్తి ఇచ్చిన మూడేళ్ల తర్వాత చూసినా మొత్తం మీద తిండి, ఆదాయం, పొదుపు మెరుగ్గానే ఉన్నాయి. హోండురాస్ మాత్రం వెనకబడింది. అక్కడ చాలామంది ఎంచుకున్న కోళ్లు తెగులు సోకి చనిపోయాయి.

ముర్షిదాబాద్ కుటుంబాలను పదేళ్లపాటు గమనించారు. మేలు ఏడేళ్ల వరకు పెరుగుతూ వచ్చి, పదో ఏట కూడా నిలిచింది. అయితే ఆ డబ్బంతా పశువుల నుంచే రాలేదు. కాస్త నిలదొక్కుకున్నాక ఇంట్లోవాళ్లు ఎక్కువ కూలి దొరికే పనులకు, ముఖ్యంగా వలసకు, వెళ్లగలిగారు.

ఇక మెదక్. 2007 ప్రాంతంలో ఇదే నమూనా ఇక్కడికి వచ్చింది. ఇక్కడ కూడా ఎక్కువమంది పశువుల్నే ఎంచుకున్నారు. పథకంలో చేరినవాళ్లకు పశువుల మీద రాబడి పెరిగింది. అక్కడితో లెక్క ఆపితే ఇదొక విజయగాథే. కానీ పథకం అందని కుటుంబాలను కూడా చూసేసరికి సంగతి వేరుగా తేలింది. వాళ్లూ దాదాపు అంతే ముందుకు వచ్చారు! ఆ ఏళ్లలో వ్యవసాయ కూలి రేట్లు బాగా పెరిగాయి. ఉపాధి హామీ పనులూ అప్పటికే మొదలయ్యాయి. పథకంలో లేనివాళ్లు కూలికి వెళ్లి సంపాదించుకున్నారు. ఉన్నవాళ్లు పశువుల పనిలో పడి, ఆ మేరకు కూలి వదులుకున్నారు. ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోయింది. సగటున చూస్తే పథకం వల్ల అదనంగా మిగిలింది లేదని పరిశోధకులు తేల్చారు.

దీన్ని వైఫల్యం అని కొట్టిపారేయడం నాకు సరిగా అనిపించదు. గేదెలు పాలివ్వలేదని కాదు, శిక్షణ బాగాలేదనీ కాదు. గేదెకు గడ్డి కోసుకొచ్చే గంటకు అప్పుడు బయట ధర పెరిగింది, అంతే. పని దొరకని ఊళ్లో ఆ గంటకు విలువ తక్కువ కాబట్టి అదే గేదె అక్కడ లాభం. పోల్చి చూసే కుటుంబాలు లేకపోయి ఉంటే ఇది బయటపడేదే కాదు. పశువుల రాబడి అంకెలు, రెండు ఫొటోలు వార్షిక నివేదికలో వచ్చేవి, ఇంకో పది జిల్లాలు అదే అనుసరించేవి.

ఘనాలో మరో సందేహం తీరింది. మిగతా హంగులేవీ లేకుండా మేకలు మాత్రమే ఇచ్చి చూస్తే మేలు నిలవలేదు.

పాఠాలు రాష్ట్రాలు దాటి ప్రయాణించడం మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ పొదుపు సంఘాల మహిళలు బీహార్ పల్లెలకు వెళ్లి, అక్కడే మకాం ఉండి సంఘాలు కట్టడం నేర్పారు. ఆ బీహార్‌లోనే జీవిక సంస్థ 2018లో బంధన్ సాంకేతిక సహకారంతో, సారా, కల్లు మీద బతికి మద్యనిషేధంతో ఉపాధి పోయిన కుటుంబాలతో సహా నిరుపేదల కోసం సతత్ జీవికోపార్జన్ యోజన ప్రారంభించింది. నమూనాను ఉన్నది ఉన్నట్టు దించలేదు. కుటుంబాల ఎంపికను గ్రామ మహిళా సంఘాలకే అప్పగించారు. పశువులతోపాటు చిన్న దుకాణాలకూ చోటిచ్చారు. వేల ఇళ్లకు పథకం విస్తరించేటప్పుడు అన్నిటికన్నా కష్టమైనది ఇంటికి వచ్చి పలకరించే ఆ కార్యకర్త పనే. ఒక్కరికి ఎన్ని ఇళ్లు అప్పగిస్తారన్న దాని మీదే ఖర్చూ, ఫలితమూ ఆధారపడి ఉంటాయి.