మృదంగపు తొప్పి ఏమైనది?

ఇటీవల శ్రోత యొకరు మాకు ఉత్తరము వ్రాసిరి. వారి తండ్రిగారి నాటి వాల్వు రేడియో వారి యింట నేటికిని ఉన్నది. కొన్ని నెలల క్రిందట అది మూగపోగా మరమ్మతు చేయించిరి. పాట మరల వచ్చినది గాని, కచేరీలలో మృదంగపు తొప్పి మాత్రము వినబడుట లేదట. మైకును మృదంగమునకు దూరముగా పెట్టుచున్నారా యని వారి ప్రశ్న. మేము ఆ కచేరీ రికార్డును స్టూడియోలో మరల వింటిమి. తొప్పి చక్కగానే ఉన్నది. మరమ్మతులో ఏమి మార్చిరని అడుగగా, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినదని చెప్పి మరియొకటి, పాతదానికంటె చిన్నది, వేసిరని జవాబు వచ్చినది. సంగతి అక్కడనే ఉన్నది.

వాల్వు సెట్టులో చివరి వాల్వునకు, లౌడ్‌స్పీకరునకు నడుమ ఒక ఇనుప దిమ్మ వంటిది ఉండును. పలుచని ఇనుప రేకులను పేర్చి, వానిపై రాగితీగను రెండు చుట్టలుగా చుట్టి దీనిని చేయుదురు. 6వి6 వంటి వాల్వు 250 వోల్టులపై పనిచేయునపుడు సుమారు 5000 ఓముల భారమును కోరును. అది ఇచ్చునది ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. స్పీకరు భారము 4 ఓములే యనుకొందము. దానికి కావలసినది తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. ఒకరి భాష ఒకరికి తెలియని ఈ ఇద్దరి నడుమ ట్రాన్స్‌ఫార్మరు దుబాసీ. 5000ను 4చే భాగింప 1250. దాని వర్గమూలము సుమారు 35. అనగా వాల్వు వైపు 35 చుట్లకు స్పీకరు వైపు ఒక చుట్టు ఉండవలెను. ఆ ట్రాన్స్‌ఫార్మరునకే 8 ఓముల స్పీకరును తగిలించినచో వాల్వునకు 10,000 ఓములు కనబడును. శబ్దము వచ్చును గాని, హెచ్చు పెట్టిన కొలది జీర పుట్టును.

చుట్ల నిష్పత్తి సరిపోయినంత మాత్రమున చాలదు. మన శ్రోతగారి చిక్కు అక్కడనే వచ్చినది. వాల్వు వైపు చుట్టకు ప్రేరకత్వమను గుణము కలదు. దానిని హెన్రీలలో కొలుతురు. అది తగినంత లేనిచో మంద్రనాదముల విద్యుత్తు స్పీకరునకు చేరక ఆ చుట్టలోనే అడ్డుదారిన పోవును. లెక్కకు, 5000 ఓముల భారముతో 10 హెన్రీల చుట్ట ఉన్నచో సెకనుకు 80 కంపనముల యొద్ద బలము సగమగును. 4 హెన్రీలే ఉన్నచో ఆ సగము 200 యొద్దనే వచ్చును. గాయకుని షడ్జము 130 ప్రాంతమున ఉన్నదనుకొనిన, తొప్పి దాదాపు ఒక స్థాయి క్రింద, 65 ప్రాంతమున పలుకును. అక్కడ మొదటి దానిలో పదింట నాలుగు పాళ్లు మిగులును. రెండవ దానిలో ఒక్క పాలే. గాత్రము, వయొలిన్ బాగుగనే వినబడును గనుక మరమ్మతు చేసినవారికి లోపము తోచదు.

ప్రేరకత్వము పెరుగవలెనన్న చుట్లైనను పెరుగవలెను, ఇనుమైనను పెరుగవలెను. పైగా ఒకే వాల్వు గల సెట్టులో ఆ వాల్వునకు కావలసిన ఏకముఖ విద్యుత్తు కూడ ఈ చుట్ట గుండానే నిరంతరము ప్రవహించి ఇనుమును అయస్కాంతముగా చేయుచుండును. ఇనుము నిండిపోకుండ రేకుల నడుమ కాగితమంత సందు విడుతురు. ఆ సందు ప్రేరకత్వమును మరల తగ్గించును! రెండు వాల్వులను ఎదురెదురుగా పనిచేయించు పుష్‌పుల్ పద్ధతిలో ఈ ఏకముఖ విద్యుత్తులు ఒకదాని నొకటి రద్దు చేసికొనును. ఖరీదైన సెట్టుల గంభీరమైన పలుకునకు ఇది యొక కారణము.

అదే వోల్టేజి వద్ద కంపనసంఖ్య సగమైనచో ఇనుములోని అయస్కాంత ప్రవాహము రెండింతలగును. కనుక చిన్న దిమ్మ ముందుగా చెడగొట్టునది మంద్రమునే. నిండిన ఇనుము నాదమును వక్రించి లేని పైస్వరములను కల్పించును. విచిత్రమేమనగా, మూలస్వరము లేకున్నను పైస్వరములను బట్టి మన చెవి దానిని ఊహించుకొనగలదు. అందుచే కొందరికి ఈ వికారమే మంచి గుమికివలె తోచును.

తారస్థాయిలో నష్టము వేరు. ఒక చుట్టలోని అయస్కాంత ప్రవాహమంతయు రెండవ దానిని తాకక కొంత జారిపోవును. రెండు చుట్టలను పొరలు పొరలుగా ఒకదానిలో నొకటి ఇమిడ్చి దీనిని తగ్గింతురు. మీడియం వేవ్ సెట్టులో తారస్వరములు ముందే కుదించబడును గనుక అక్కడ దీనికై విచారింప పనిలేదు. గ్రామఫోను రికార్డులు వినువారికి ఇది ముఖ్యము. 1947లో విలియమ్సన్ అను ఇంజనీరు ప్రకటించిన ఆంప్లిఫయరులో స్పీకరు వైపు నుండి కొంత విద్యుత్తును వెనుకకు మరల్చి దోషములను సరిదిద్దిరి. ఆ మరలింపు చలింపక నిలుచుటకు అత్యుత్తమమైన ట్రాన్స్‌ఫార్మరు అవసరమైనది. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి ఈ దిమ్మనే చాలవరకు తొలగించినవి.

పాత సెట్టు కలవారికి రెండు మాటలు. స్పీకరు తీగ ఊడియుండగా సెట్టును పాడించరాదు. వాల్వు వైపు వోల్టేజి విపరీతముగా పెరిగి చుట్ట కాలవచ్చును. సెట్టు మూగపోయి చివరి వాల్వు లోపలి తీగవల ఎఱ్ఱబారినచో వెంటనే కట్టివేయుడు. ఆర్పిన పిమ్మటను లోపల ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచియుండును గనుక తెలిసినవారే విప్పవలెను.

శ్రోతగారి పాత దిమ్మ ఇంకను దుకాణములోనే ఉన్నదట. దానికే క్రొత్తతీగ చుట్టించుడనియు, విప్పునపుడే చుట్లను లెక్కించి, రేకుల నడుమ కాగితపు సందును మునుపటి వలెనే ఉంచుడని చెప్పుడనియు వారికి వ్రాసితిమి.